నొప్పికి శాతం ఎంత?

(మండల స్థాయి రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మన సభల్లో ఎజెండాకు ఎక్కని విషయం ఒకటి మాట్లాడుకుందాం. చేయి ఉంది, కాలు ఉంది. చూసేవాళ్లకు బాగానే కనిపిస్తాయి. కానీ నొప్పి వల్ల పనికి రావు. అలాంటి మనిషికి వికలాంగుల పింఛను వస్తుందా? రావాలంటే ఏం చేయాలి? రాకపోతే మరో దారి ఉందా?

సభ్యత్వం కోసం మేము ఊళ్లు తిరిగినప్పుడు ఇలాంటి మనుషులు తగులుతూనే ఉంటారు. గడ్డి కోసే మిషన్లో చేయి నలిగినవాళ్లు, మోటారు బెల్టు లాగేసినవాళ్లు, ట్రాక్టరు కేజ్ వీల్ కింద పాదం పడినవాళ్లు, గట్టు మీద జారి మణికట్టు విరిగినవాళ్లు ఉన్నారు. ఎముక అతికింది, కుట్లు మానాయి. డాక్టరు ‘ఇక పని చేసుకోవచ్చు’ అన్నాడు. ఏడాది దాటినా ఆ చేత్తో కొడవలి పట్టలేరు. ఇంట్లోవాళ్లు కూడా కొన్నాళ్లకు ‘ఇదంతా భయం’ అంటారు. సదరం క్యాంపుకు వెళితే ఇరవయ్యో ముప్పయ్యో శాతం వేసి పంపుతారు. నలభై రాకపోతే పింఛను లేదు.

ఈ జబ్బుకు పేరుంది

దెబ్బ తగ్గాక కూడా నెలల తరబడి ఆ చేతిలోనో కాలిలోనో మంట, పోటు ఉండిపోయే జబ్బు ఒకటుంది. వైద్యులు దాన్ని కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ అంటారు. పొట్టిగా సీఆర్‌పీఎస్. దెబ్బకు తగ్గ నొప్పి కాదిది, దానికి మించిన నొప్పి. చొక్కా అంచు తగిలినా, ఫ్యాను గాలి తగిలినా భరించలేరు. ఆ చేయి ఒకసారి ఎర్రగా, ఒకసారి నీలంగా మారుతుంది. రెండో చేయి కన్నా వేడిగానో చల్లగానో ఉంటుంది. వాస్తుంది, చెమట పడుతుంది. గోళ్లు, వెంట్రుకలు పెరిగే తీరు మారుతుంది. కీళ్లు బిగుసుకుపోతాయి, కండ తగ్గుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ గుండ్లు తగిలిన సైనికుల్లో ఈ మంట నొప్పిని వైర్ మిచెల్ అనే వైద్యుడు 1860లలోనే వివరంగా రాశాడు. ఇప్పుడు వాడే పేరు 1994లో ఖాయమైంది. మణికట్టు విరిగిన తర్వాత ఇది ఎక్కువగా వస్తుంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. నాట్లకు, కలుపుకు పోయే మన అక్కచెల్లెళ్ల విషయంలో దీన్ని ‘వయసు నొప్పులు’ అని కొట్టిపారేయడం మామూలైపోయింది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఫలానా రక్త పరీక్షలో తేలుతుంది, ఫలానా స్కాన్‌లో కనిపిస్తుంది అని చెప్పగల ఒక్క పరీక్ష దీనికి లేదు. డాక్టరు ఒంటి మీది లక్షణాలు చూసి, మిగతా జబ్బులు కావని తేల్చుకుని నిర్ధారిస్తాడు. రెండోది, తొందరగా గుర్తిస్తే చాలామందిలో తగ్గించవచ్చు. ఫిజియోథెరపీ ముఖ్యం. కట్టు విప్పాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, చేయి రంగు మారుతుంటే, ‘కదిలిస్తే ఇంకా చెడిపోతుంది’ అని మెడకు కట్టుకుని కూర్చోవద్దు. వెంటనే ఎముకల డాక్టరుకో నొప్పి వైద్యుడికో చూపించాలి. పింఛను కన్నా చేయి తిరిగి రావడమే మనకు కావలసింది.

చట్టం ఏం చెబుతోంది

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అందులో 21 రకాల వైకల్యాలను చేర్చారు. దీర్ఘకాలిక నొప్పి అనే పేరు ఆ జాబితాలో లేదు. సీఆర్‌పీఎస్ పేరూ లేదు. అందుకని తలుపు మూసుకుపోయిందని అనుకోవద్దు. జాబితాలో చలన వైకల్యం ఉంది. ఎముకలు, కండరాలు, నరాలు దెబ్బతిన్న కారణంగా తన శరీరాన్ని గానీ వస్తువులను గానీ కదిలించే పనులు చేయలేకపోవడమే చలన వైకల్యమని చట్టం చెబుతోంది. చేయి తెగిపోయి ఉండాలని ఎక్కడా లేదు. ‘వస్తువులను కదిలించడం’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. బస్తా ఎత్తడం, పార పట్టడం, బకెట్ మోయడం అన్నీ అందులోకే వస్తాయి.

అంటే మనం అడగాల్సింది ‘నాకు నొప్పి ఉంది, పింఛను ఇవ్వండి’ అని కాదు. ‘ఈ జబ్బు వల్ల నా చేయి ఇంతవరకే కదులుతుంది, బలం ఇంతే ఉంది, ఈ పనులు చేయలేను’ అని. ఎందుకంటే బోర్డు కొలిచేది వాటినే.

బోర్డు ఎలా కొలుస్తుంది

ఏళ్లుగా వాడుకలో ఉన్న కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చేతికి మూడు కొలతలు వేస్తారు. కీలు ఎంతమేర తిరుగుతోంది, కండకు ఎంత బలం ఉంది, రోజువారీ పనులు ఏమేరకు చేయగలరు అని. కాలికైతే కదలికతో పాటు నిలకడ చూస్తారు. బల్లపరుపు నేల మీద నడక, వాలు మీద నడక, మెట్లెక్కడం, దెబ్బతిన్న కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం లాంటివి.

నొప్పికి ఉన్నది కొసరు పాయింట్లు మాత్రమే. వంకర, స్పర్శ పోవడం, నొప్పి లాంటివన్నీ కలిపి పది శాతానికి మించి కలపరు. కాబట్టి ఎంత తీవ్రమైన నొప్పి అయినా, ఒక్క నొప్పి మీదే నలభై దాటడం జరిగే పని కాదు. ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. తెలియక క్యాంపుల చుట్టూ తిరిగి, ఆటో ఖర్చులు, కూలి రోజులు పోగొట్టుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నొప్పి వల్ల కీలు బిగుసుకుపోయి, కండ తగ్గి, పట్టు పోయి ఉంటే, వాటన్నింటినీ కొలిపించి రాయించుకున్నవాళ్లకు మాత్రం అవకాశం ఉంటుంది.

చేతికి చూసే రోజువారీ పనులేమిటో వినండి. తల మీదికి వస్తువు ఎత్తడం, ముక్కు ముట్టుకోవడం, చేత్తో అన్నం తినడం, తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం, కడుక్కోవడం, గ్లాసుతో నీళ్లు తాగడం, బొత్తాలు పెట్టుకోవడం, పంచె కట్టుకోవడం, రాయడం. మొత్తం పది. ఇంట్లో బతకడానికి ఇవి కావాలి, కాదనం. కానీ ఇందులో కొడవలి పట్టడం లేదు. గడ్డపార లేదు. దమ్ము చేసిన మడిలో వంగి నడవడం లేదు. ఇరవై లీటర్ల మందు డబ్బా వీపుకు తగిలించుకోవడం లేదు. గ్లాసుడు నీళ్లు తాగగలిగినంత మాత్రాన ఎకరం పొలం చేయగలడా? ఆఫీసులో కూర్చునే మనిషికీ పొలంలో వంగే మనిషికీ ఒకటే కొలబద్ద పెడితే నష్టపోయేది మనమే.

కోర్టులకు ఈ తేడా ఎప్పుడో అర్థమైంది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పనిలో కిందపడి ఎడమచేయి పోగొట్టుకున్న వడ్రంగి కేసు అది. ఒక్క చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతని సంపాదన శక్తి మొత్తం పోయినట్టే లెక్కగట్టాలని కోర్టు తేల్చింది. 2010లో రాజ్ కుమార్ కేసులో, రోడ్డు ప్రమాదాల పరిహారం విషయంలో, డాక్టరు వేసిన అవయవ శాతమూ సంపాదన నష్టమూ ఒకటి కాదని, ఆ మనిషి చేసే పని ఏమిటో చూసి నిర్ణయించాలని చెప్పింది. పరిహారం కేసుల్లో చెల్లే ఈ న్యాయం పింఛను సర్టిఫికెట్‌కు వర్తించడం లేదు. మన పోరాటం అక్కడ ఉంది.

క్యాంపుకు వెళ్లేముందు

ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో స్లాట్ తీసుకుంటారు. 2021 జూన్ 1 నుంచి దేశమంతటా సర్టిఫికెట్లు యూడీఐడీ పోర్టల్ ద్వారానే ఇవ్వాలని కేంద్రం ఆదేశించింది. స్లాట్ దొరికాక ఉత్త చేతులతో వెళ్లొద్దు.

మొదటిది, దెబ్బ తగిలిన రోజు నుంచి ఉన్న కాగితాలన్నీ. ఆసుపత్రి చీటీ, ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం, ఫిజియోథెరపీకి వెళ్లిన తేదీలు. యంత్రం ప్రమాదమైతే పోలీసు స్టేషన్‌లో రాయించిన కాగితం. బీరువాలో ఒక సంచి పెట్టి అన్నీ అందులో వేయండి.

రెండోది, చూసే డాక్టరు దగ్గర వివరమైన లేఖ. ‘చేయి నొప్పి’ అని ఒక్క ముక్క రాస్తే పనికిరాదు. జబ్బు పేరు, ఎప్పుడు మొదలైంది, ఏ వైద్యం జరిగింది, ఏ కీలు ఎన్ని డిగ్రీలు తిరుగుతోంది, కండబలం గ్రేడు ఎంత, స్పర్శ ఎలా ఉంది, వాపు, రంగు, వేడి తేడాలు ఏమిటి, ఏ పనులు చేయలేకపోతున్నారు, ఇంకా తగ్గే అవకాశం ఉందా లేదా అన్నవి ఉండాలి. నరం దెబ్బతిన్నదన్న అనుమానం ఉంటే నరాల పరీక్ష రిపోర్టు కూడా.

మూడోది ఫొటోలు. ఈ జబ్బు లక్షణాలు వస్తూ పోతూ ఉంటాయి. క్యాంపు రోజున వాపు ఉండకపోవచ్చు. వాపు వచ్చినప్పుడు, రంగు మారినప్పుడు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫోనులో ఫొటో తీయండి. తేదీ పడేలా చూసుకోండి. తర్వాత డాక్టరుకు చూపించి చీటీ మీద రాయించుకోండి.

నాలుగోది మాట. మన రైతులకు ఒక అలవాటుంది. డాక్టరు ‘ఎలా ఉంది పెద్దాయనా?’ అనగానే ‘ఏదో పర్లేదు సార్, నెట్టుకొస్తున్నాం’ అంటాం. అది మన మర్యాద. కానీ ఆ పూట డాక్టరు కాగితం మీద రాసుకునేది ఆ ‘పర్లేదు’నే. ‘మంచి రోజున పావుగంట పట్టగలను, ఆ తర్వాత రెండు రోజులు చేయి ఎత్తలేను. చొక్కా బొత్తాలు మా ఆవిడ పెడుతుంది’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తగ్గించొద్దు, పెంచొద్దు. బిగదీసుకుని నటించడం డాక్టర్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఒకడి నటన వెనకొచ్చే పదిమంది నిజమైన బాధితులను అనుమానంలో పడేస్తుంది.

దళారుల సంగతి కూడా చెప్పుకోవాలి. ‘ఇంత ఇస్తే ఇంత శాతం’ అనేవాళ్లు ప్రతి క్యాంపు దగ్గరా తిరుగుతుంటారు. వికలాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని ఆ చట్టంలోనే ఉంది. పట్టుబడేది దళారి కాదు, మనం.

తక్కువ వేస్తే, తిరస్కరిస్తే

తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాటతో బయటికి రావద్దు. కాగితం అడగండి. సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కును చట్టంలోని 59వ సెక్షను ఇస్తోంది. జబ్బు ఇంకా మారే అవకాశం ఉంటే కాలపరిమితితో తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని గడువు ఎప్పుడు తీరుతుందో గోడ మీద రాసి పెట్టుకోండి. గడువు దాటితే పింఛను ఆగుతుంది.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించారు. చాలామందికి నోటీసులు వచ్చాయి. దొంగ సర్టిఫికెట్లు ఏరివేయాల్సిందే. అయితే కంటికి కనిపించని వైకల్యం ఉన్నవాళ్లకు ఇలాంటి పరిశీలనలో ప్రమాదం ఎక్కువ. కాగితాల సంచి పారేయకండి. నోటీసు వస్తే చించేయకండి, భయపడి ఇంట్లో కూర్చోకండి. గడువులోపు అప్పీలు పెట్టండి.

దీని వెనక ఎంత డబ్బుందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 4,016. కేంద్రం ఇందిరాగాంధీ వికలాంగుల పింఛను కింద ఇచ్చేది నెలకు 300. అదీ 80 శాతం వైకల్యం ఉండి, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకే. 39 శాతం వచ్చినవాడికి మూడింట్లో ఒక్కటీ లేదు.

పింఛను కాకుండా ఉన్న దారులు

ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా 2 లక్షలు. ఒక చేయి లేదా ఒక కాలు ఉపయోగం తిరిగి రానంతగా పూర్తిగా పోతే లక్ష. నొప్పి ఒక్కదానితో ఇది రావడం కష్టమే. అయినా మోటార్ల దగ్గర, యంత్రాల దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది ఉండాలి. బ్యాంకు ఖాతాలో డబ్బు కోత పడిందో లేదో ఏటా జూన్‌లో చూసుకోండి.

తెలంగాణ రైతు బీమా 2018 ఆగస్టు 15న మొదలైంది. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. మంచిదే. కానీ చేయి పోయి బతికి ఉన్న రైతుకు అందులో ఏమీ లేదు. పైగా పట్టా లేని కౌలుదారుకు అసలే లేదు.

కూలికి వెళ్లి యంత్రం దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు మరో దారి ఉంది. ట్రాక్టర్లతో, కరెంటుతో నడిచే యంత్రాలతో చేసే వ్యవసాయ పనిని 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలోనే చేర్చారు. ఆ చట్టాన్ని ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కార్మిక శాఖ అధికారి ముందు దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ లెక్కించేది సంపాదన శక్తిలో వచ్చిన నష్టాన్ని. ఇందాక చెప్పిన వడ్రంగి తీర్పు పనికొచ్చేది ఇక్కడే. ట్రాక్టరు రోడ్డు మీద ఢీకొట్టిన కేసైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు వేయాలని చట్టం చెబుతోంది. ఆలస్యం చేయొద్దు.

అయితే మన మధ్యనే ఉన్న చిక్కు ఒకటుంది. కూలి పెట్టుకున్న యజమాని చాలాసార్లు మూడెకరాల రైతే. అప్పు చేసి హార్వెస్టర్‌ను బాడుగకు తెచ్చినవాడే. కూలికి పరిహారం కట్టమంటే అతనూ మునుగుతాడు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఐదువేలో పదివేలో ఇప్పించి సంతకాలు పెట్టించడం ఇందువల్లే. రైతునూ కూలీనీ ఎదురెదురుగా నిలబెట్టే ఈ పద్ధతిని మనం ఒప్పుకోకూడదు. యంత్రం అమ్మిన కంపెనీకి, బాడుగకు తిప్పే యజమానికి, ప్రభుత్వానికి బాధ్యత ఉండాలి. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోతున్నాయనే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చారు. అది ఉన్నట్టు మనలో ఎంతమందికి తెలుసు?

ఇక సొంత పొలంలో, కౌలు పొలంలో దెబ్బ తగిలిన రైతుకు యజమాని ఎవరూ లేరు. పరిహారం అడగడానికి మనిషే లేడు. మహారాష్ట్రలో గోపీనాథ్ ముండే పేరుతో ఉన్న రైతు ప్రమాద పథకం కింద మరణానికి 2 లక్షలు, ఒక అవయవం పోతే లక్ష ఇస్తున్నారు. ఉత్తరప్రదేశ్‌లో రైతు ప్రమాద పథకం వైకల్యానికీ వర్తిస్తుంది, కౌలుదార్లకూ వర్తిస్తుంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

మన డిమాండ్లు

ఒకటి, వైకల్యం కొలిచే రోజువారీ పనుల్లో ఆ మనిషి చేసే వృత్తి పనులను కూడా చేర్చాలి. దీర్ఘకాలిక నొప్పికి విడిగా, తగినంత విలువ ఇవ్వాలి. తెలంగాణలో బోదకాలు బాధితులకు ప్రత్యేకంగా ఆసరా పింఛను ఇస్తున్నారు. జబ్బును చూసి పింఛను ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు.

రెండు, తిరస్కరించిన ప్రతి కేసులో కారణాలు తెలుగులో రాసివ్వాలి. అప్పీలు తేలేదాకా వస్తున్న పింఛను ఆపకూడదు.

మూడు, ప్రాంతీయ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టులను నియమించాలి. బస్సెక్కి జిల్లా కేంద్రానికి వారానికి మూడుసార్లు ఎవరూ పోలేరు. పోలేకనే చేతులు బిగుసుకుపోతున్నాయి.

నాలుగు, మరణానికే కాదు, శాశ్వత గాయానికి కూడా వర్తించే రైతు ప్రమాద బీమా రెండు రాష్ట్రాల్లో తేవాలి. పట్టా ఉన్నా లేకున్నా కౌలు రైతుకు, కూలీకి, మహిళా రైతుకు అది అందాలి.

డిమాండ్లు పై వాళ్ల కోసం. మన వంతు పని కూడా ఉంది. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ ఒక జాబితా తేవాలి. గత మూడేళ్లలో యంత్రం దగ్గర, పొలంలో దెబ్బ తగిలి ఇంకా పనికి తిరిగి రాలేనివాళ్లు ఎవరు, ఏ పనిలో దెబ్బ తగిలింది, కాగితాలు ఉన్నాయా, సదరం శాతం ఎంత, అప్పీలు పెట్టారా అన్న వివరాలు రాయండి. ఆడవాళ్ల పేర్లు తప్పనిసరిగా అడిగి రాయండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. చదువు వచ్చిన కుర్రాళ్లు ఇద్దరిని ఎంచుకుని, క్యాంపుకు వెళ్లేవాళ్లతో తోడు పంపండి. దరఖాస్తులు, అప్పీళ్లు రాయడానికి మండల ఆఫీసులో ప్రతి సోమవారం మేము కూర్చుంటాం. కాగితాల సంచి పట్టుకుని రండి.